కళాయి భాయి నాలుక

మూడు నెలలుగా మా ఇంట్లో నాకు వేరే గిన్నెలో కూర వండుతున్నారు. రక్తపోటు ఎక్కువగా ఉంది, ఉప్పు బాగా తగ్గించమని డాక్టరు చెప్పినప్పటి నుంచి ఈ శిక్ష నడుస్తోంది. మొన్న మధ్యాహ్నం మా ఆవిడ టమోటా పప్పు వడ్డించింది. ముద్ద నోట్లో పెట్టుకుంటే చప్పగా, గడ్డి నమిలినట్టు ఉంది. కంచం పక్కకు తోసి గట్టిగానే కేకలేశాను. కేకలేసిన నోరు ఇంకా మూయకముందే పుంగనూరు కళాయి భాయి గుర్తొచ్చాడు. ఆ తర్వాత కంచం మళ్ళీ దగ్గరికి లాక్కుని, తల వంచుకుని, మెతుకు మిగలకుండా తిన్నాను. మా ఆవిడ హడలిపోయింది. "ఏమైంది మీకు?" అని రెండుసార్లు అడిగింది. చెప్పాల్సింది చాలా ఉంది. అందులో నాకు మంచిపేరు తెచ్చే మాట ఒక్కటీ లేదు.

ఆయన అసలు పేరేమిటో నాకు తెలియదు. ఊరంతా కళాయి భాయి అనేది, నేనూ అదే అన్నాను. నాలుగైదేళ్ళ పరిచయం, ఒక్కరోజు కూడా పేరు అడగాలని తోచలేదు. ఆయన మాత్రం నా పేరు, మా నాన్న పేరు, మా ఊరు, మా ఇంట్లో ఎన్ని ఆవులున్నాయో కూడా అడిగి తెలుసుకున్నాడు.

డెబ్బైల చివర్లో నేను మలేరియా విభాగంలో చేరాను. ఆఫీసు మదనపల్లెలో. జ్వరాలున్న ఊళ్ళకు వెళ్ళి, జనం వేళ్ళు పొడిచి, గాజుపలకల మీద రక్తపు చుక్కలు పట్టుకురావడం నా పని. భుజాన ఒక సంచి. అందులో సూదులు, గాజుపలకలు, మాత్రలు, ఒక టార్చిలైటు. తిరగడానికి ఎవరో వాడి వాడి వదిలేసిన పాత మోటారుసైకిల్ కొనుక్కున్నాను. ఎర్ర రంగు ట్యాంకీ చూసి మోజుపడ్డాను. ఆ ట్యాంకీ లోపలంతా తుప్పు. బండి నాలుగు మైళ్ళు పోయి నిలబడిపోయేది. ఎన్నిసార్లు శుభ్రం చేసినా కార్బురేటర్లోకి మళ్ళీ ఎర్రటి బురద దిగేది. చివరికి మెకానిక్ దండం పెట్టేశాడు.

"ఇది నా వల్ల కాదు సార్. పుంగనూరు పొండి. ఆడ కళాయి భాయి ఉండాడు. ట్యాంకీలు కడిగేదాన్లో ఆయప్ప తర్వాతే ఎవరైనా" అన్నాడు.

కళాయి భాయి అంటే మొదట గిన్నెలకు కళాయి పూసేవాడు. ఇంటింటా ఇత్తడి పాత్రలున్న కాలంలో పలమనేరు దాకా తిరిగేవాడట. పెద్ద గుండిగలో చింతపండు, ఇసుక వేసి, అందులో దిగి నిలబడి, గోడ పట్టుకుని నడుము తిప్పుతూ కాళ్ళతో తోమేవాడు. తర్వాత స్టీలు గిన్నెలొచ్చాయి. ఆడవాళ్ళు ఇత్తడి అమ్మేసి, స్టీలు తెచ్చుకున్నారు. ఆయన పని పోయింది. కొన్నాళ్ళు కాళ్ళూ చేతులూ ముడుచుకుని కూర్చుని, ఒకరోజు ఎవరిదో బండి ట్యాంకీలోకి తొంగిచూసి, ఇదీ గిన్నే కదా అనుకున్నాడు.

"గిన్నె అయితే సెయ్యి పెట్టి తోమొచ్చు. దీంట్లో సెయ్యి పోదు. అంతే తేడా సార్" అనేవాడు.

సన్నగా, వంగిన వీపుతో ఉండేవాడు. ఇంటి ముందు కొబ్బరాకుల పందిరి. బండి వచ్చి ఆగితే బండి వంక చూసేవాడు కాదు, ట్యాంకీని వేలి కణుపుతో కొట్టి చెవి ఆనించేవాడు. "యాల తల్లీ, ఇట్ల పాడైపోతివే" అని దానితో మాట్లాడేవాడు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు, రంగు మాత్రం కొత్తదిలాగే ఉంది కదా భాయ్ అన్నాను. నవ్వాడు.

"బయట రంగు సూసి మోసపోవద్దు సార్. రోగం ఎప్పుడూ లోపల్నే ఉంటాది. టార్చి ఏసి సూడల్ల. మీ సంచిలో టార్చి ఉండాది గదా, ఇట్లియ్యండి."

ఆయనకూ ఒక టార్చి ఉండేది గానీ అందులో సెల్లులు ఎప్పుడూ చచ్చే ఉండేవి. వెళ్ళిన ప్రతిసారీ నా టార్చే తీసుకునేవాడు. మూత తీసి, ఒక కన్ను మూసి, లోపలికి వెలుగు కొట్టి, చాలాసేపు చూసేవాడు. అంతసేపు ఏం చూస్తాడో నాకు అర్థమయ్యేది కాదు.

పెట్రోలు తీయడానికి రబ్బరు గొట్టం ఒక కొస ట్యాంకీలో పెట్టి రెండో కొస నోట్లో పెట్టుకుని పీల్చేవాడు. నోట్లోకి వచ్చింది ఉమ్మేసి, తువ్వాలుతో మూతి తుడుచుకునేవాడు. "టీ కన్నా ముందు ఇదే నాకు" అనేవాడు. ఇది మంచిది కాదు భాయ్ అని ఒకట్రెండుసార్లు చెప్పాను. నీళ్ళు కాచి తాగండి అని ఊళ్ళలో చెప్పే గొంతుతోనే చెప్పాను. ఆ మాట ఎవరు విన్నారు గనక.

తుప్పును తినడానికి ఆయన వాడేది టమోటా రసం. మదనపల్లె మార్కెట్టులో ధర పడిపోయిన రోజుల్లో రైతులు బండ్లకొద్దీ కాయలు రోడ్డు పక్కన కుమ్మరించి పోయేవాళ్ళు. ఈయన బస్సెక్కి వచ్చి, చితికిన కాయలు మూట కట్టుకుని, మళ్ళీ బస్సులో పుంగనూరు తీసుకుపోయేవాడు. మూట కారి పక్కవాళ్ళ బట్టలు తడిస్తే కండక్టరు తిట్టేవాడు. ఆ కాయలు పిసికి, గుడ్డలో వడగట్టి, కుండలో పెట్టేవాడు. టమోటాలు లేని కాలంలో చింతపండు పులుసు. ట్యాంకీలో పోసే ముందు వేలు ముంచి నాలుక మీద రాసుకుని, కళ్ళు మూసుకునేవాడు. "ఇది గంగవరం కాయ. పులుపు సాలదు. ఇంకో రోజుండనీ" అనేవాడు. ఆ నాలుక మీద నాకు గౌరవం ఉండేది, మా డాక్టర్ల పరికరాల మీద కూడా అంత ఉండేది కాదు.

మూడు రోజులు రసం నానాక పారబోసి, నలభై కంకర రాళ్ళు లోపల వేసేవాడు. గుండ్రాయి పనికిరాదు, అంచులుండాలి. పందిరి గుంజకు భార్య పాత చీరతో ఉయ్యాల కట్టి, ట్యాంకీని అందులో పడుకోబెట్టి, కాలి బొటనవేలికి తాడు కట్టుకుని ఊపుతూ కూర్చునేవాడు. దారినపోయేవాళ్ళు "ఏం భాయ్, మనవడా?" అని అడిగితే, "ఔ, పెట్రోలు తాగే మనవడు" అనేవాడు. రాళ్ళు తీసేటప్పుడు ఉర్దూలో లెక్కపెట్టేవాడు. నలభై పూర్తయ్యేదాకా ఎవరు పిలిచినా పలికేవాడు కాదు. తర్వాత బూడిద నీళ్ళతో కడిగి, ఎండకు కాలిన బండ మీద బోర్లించి, చుక్క తడి లేకుండా ఆరిన మరుక్షణం లోపల నూనె తిప్పేవాడు. చివర్న తెల్ల గుడ్డ చుట్టిన వేలు మూతి దగ్గర లోపలికి పెట్టి తిప్పి, నా ముఖం ముందు పెట్టేవాడు. ఎర్ర మరక లేకపోతే పని అయినట్టు.

ఎనభైలు వచ్చాక ఒక వానాకాలం నేను ట్రైనింగుకు వెళ్ళి, బండి ఆఫీసు ఆవరణలో వదిలేశాను. తిరిగొచ్చేసరికి ట్యాంకీ మళ్ళీ తుప్పు. పుంగనూరు తీసుకుపోయాను. ఎప్పటిలాగే వేలు ముంచాడు, నాలుక మీద పెట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు, సరిగ్గా ఉండాది అన్నాడు. నేను ఎదురుగానే కూర్చుని చూశాను. నాలుగోరోజు వచ్చి తీసుకుపోయాను.

పది రోజులు గడవకముందే పలమనేరు దాటాక బండి ఆగింది. కుప్పం వైపు పోతున్నాను, మిట్టమధ్యాహ్నం. మూత తీసి చూస్తే మునుపటికన్నా ఘోరంగా ఉంది, ఇటుక పొడి చల్లినట్టు. ఆ ఎండలో నాలుగు మైళ్ళు తోశాను. లారీ దొరికితే బండి ఎక్కించి నేరుగా పుంగనూరు వెళ్ళి, ఆ వీధిలో అందరూ వినేలా ఆయన్ను తిట్టాను. మోసం అన్నాను. ముసలోడివైపోయావు, పని మానుకో అన్నాను. ఆయన కంటే ఇరవై ఏళ్ళు చిన్నవాణ్ణి.

ఆయన టార్చి కోసం చెయ్యి చాపాడు. లోపలికి చూసి, వేలు పెట్టి, ఆ వేలికంటిన ఎరుపు చూసుకుని, పందిరి మూలనున్న కుండ తెచ్చాడు. నాకు పోసిన రసం ఇంకా అడుగున ఉంది. వేలు ముంచి నాకాడు.

"సరిగ్గానే ఉండాది గదా సార్. పులుపే."

కోపంలో నేనూ వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నాను. నోరంతా చేదెక్కింది. అంత ఉప్పు.

"ఏంది భాయ్, ఇది ఉప్పునీళ్ళు!"

ఆయన గబుక్కున గడప వైపు చూశాడు. లోపల భార్య చేటతో చెరుగుతున్న చప్పుడు వస్తోంది.

"మెల్లిగా సార్. ఆమె ఇంటాది."

అప్పుడు అర్థమైంది. ఆ మూలలో రెండు కుండలుండేవి. ఒకటి ట్యాంకీలకు. రెండోది ఆయన భార్య ఊరగాయకు పెట్టుకున్న ఊట. మా వైపు టమోటా ఊరగాయకు ముక్కలు ఉప్పులో మూడు రోజులు ఊరబెట్టి, పిండి, ముక్కలు ఒకపక్క, ఊట ఒకపక్క ఎండకు పెడతారు. ఆయన ఆ ఊట కుండ ఎత్తి నా ట్యాంకీలో పోశాడు. ఉప్పులేని రసం ఊరగాయకు మిగిలింది. ఉప్పు తగిలిన ఇనుము ఎంత కడిగినా తుప్పు పట్టక మానదు. కుండలు రెండూ ఒకటే రకం, ఆయనకెప్పుడూ తేడా కనబడాల్సిన పనే లేదు. నాలుక చెప్పేది.

"మూడు నెల్లయింది సార్, ఉప్పు తెలియడం లేదు. పులుపూ తెలియడం లేదు. కారం మాత్రం నిప్పు పెట్టినట్టు మండుతాది. నాలిక పక్కన చిన్న పుండుండాది. పంటికి తగులుతాండాది, అంతే."

"రుచి చూసి బాగుండాది అన్నావే మరి?"

"అనకపోతే ఎట్ల సార్? నాలిక పోయిందని తెలిస్తే నా దగ్గరికి ఎవురొస్తారు? ఇంట్లోనూ సెప్పలా. ఆమె ఏం పెట్టినా బాగుండాది, బాగుండాది అని తింటాండాను."

పెద్దాసుపత్రిలో చూపించుకో అన్నాను. తల అడ్డంగా ఊపాడు. అక్కడ నాలుక కోసేస్తారని ఎవరో చెప్పారట. కోసేస్తే పోయేటప్పుడు కల్మా ఎట్ల చదవాలి అని అడిగాడు. పక్కనే తుప్పుపట్టిన ట్యాంకీ, ఎప్పటికి బాగవుతుందా అని నా ఆదుర్దా నాది.

"మీరు దగ్గరుంటే వస్తా సార్" అన్నాడు. "మీకు డాక్టర్లు తెలుసు. కోయకుండా మందిమ్మని మీరు సెప్తే ఇంటారు. నాకు ఆడ ఎవురు తెలుసు?"

"ముందు నా బండి బాగు చెయ్యి భాయ్. వచ్చే బుధవారం మదనపల్లెకు రా. నేనే దగ్గరుండి చూపిస్తా."

ముందు నా బండి. ఆ మాట నేనే అన్నాను, ఇప్పుడు కాదంటే పోదు.

అప్పటికప్పుడు కొత్త కాయలు పిసికాడు. వడగట్టాక కుండ నా ముందు పెట్టి, "మీరు సూడండి సార్" అన్నాడు. చూశాను. ఉప్పేం లేదు, పుల్లగా ఉంది అని చెప్పాను.

"ఎట్లాంటి పులుపు? చింతకాయ మాదిరా, పులిసిన మజ్జిగ మాదిరా?"

"ఏదో పులుపు భాయ్. పోసెయ్యి."

కుండ ఎత్తలేదు. ఇంకోసారి చూసి చెప్పమన్నాడు. నేను మళ్ళీ వేలు ముంచుతుంటే నా నోటి వంకే చూస్తున్నాడు. ఆకలిగొన్నవాడు పక్కవాడి కంచం వంక చూసినట్టు చూశాడు. చింతకాయ మాదిరి, చివర్న కొంచెం తీపి అన్నాను. "తీపి కూడా ఉండాదా" అని, అప్పుడు పోశాడు.

నాలుగోరోజు ట్యాంకీ అద్దంలా ఉంది. తెల్ల గుడ్డ వేలు ముఖం ముందు పెట్టి, "ఇంక మీరు దీని సంగతి మర్సిపోవచ్చు సార్" అన్నాడు. బండి స్టార్టు చేశాక పక్కకు వచ్చి, లోపలికి వినబడకుండా, "బుధవారం" అన్నాడు. బుధవారం అన్నాను.

సోమవారం కుప్పం వైపు జ్వరాలని వైర్‌లెస్ వచ్చింది. ఆఫీసులో మూడు బండ్లు, రెండు మూలపడ్డాయి. మొరాయించకుండా నడుస్తున్నది నాదొక్కటే. అందుకని నన్ను పంపారు. దారిలో పుంగనూరు మీదుగానే పోయాను. ఆ వీధి మలుపు దగ్గర ఆగి ఒక్క మాట చెప్పి ఉంటే రెండు నిమిషాలు పట్టేది. బండి ఎంత బాగా పోతోందో అని మురుస్తూ పోయాను. మరిచిపోయాను. ఎన్ని విధాల ఆలోచించినా ఇంతకన్నా మంచి కారణం దొరకలేదు.

కుప్పంలో శనివారం నాడు పెట్రోలు పోయించుకుంటూ మూత తీశాను. లోపల తళతళ చూడగానే కళాయి భాయి గుర్తొచ్చాడు. బుధవారం వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఆయన వచ్చి ఉండడులే అనుకున్నాను. ఇలాంటివాళ్ళు చెప్పిన రోజుకు ఆసుపత్రికి రారు, మా ఉద్యోగంలో అందరం అనే మాటే అది. ఇక్కడ పని అయ్యాక చూద్దాం అనుకున్నాను. పని రెండు నెలలు నడిచింది.

మదనపల్లెకు తిరిగొచ్చిన రోజు మా అటెండరు సంతకాల పుస్తకం ముందు పెడుతూ అన్నాడు.

"సార్, మీరు పోయిన వారమే ఒక ముసలి సాయిబు వచ్చినాడు. పొద్దున్నే వచ్చి పెద్దాసుపత్రి మెట్ల మీద కూసున్నాడంట. ఓపీ మూసేదాకా ఆడ్నే ఉండి, ఈడికి వచ్చి మలేరియా సారు యాడ అన్నాడు. కుప్పం పోయినాడంటే నమ్మలా. లేదప్పా, నాతో సెప్పినాడు, వస్తాడు అని సాయంత్రం బస్సు దాకా ఈడ్నే ఉండె. మూటలో టమోటాలు తెచ్చినాడు మీకు. పాడైపోతాండాయని మేమే పంచుకుంటిమి."

ఆసుపత్రికి పరిగెత్తాను. ఆ తర్వాతైనా వచ్చాడేమో, ఎవరికైనా చూపించుకున్నాడేమో రిజిస్టరు చూడమని అడిగాను. బల్ల దగ్గర కూర్చున్నాయన పెన్ను పట్టుకుని, "పేషంటు పేరు?" అన్నాడు. కళాయి భాయి అన్నాను. "అది పేరా?" అన్నాడాయన విసుగ్గా.

పుంగనూరులో పందిరి కింద ఉయ్యాల చీర అలాగే వేలాడుతోంది. దాని పక్కన నులకమంచం, మంచం మీద ఆయన. దవడ ఒకపక్క ఉబ్బి, గడ్డం కింది నుంచి తలమీదికి గుడ్డ కట్టి ఉంది. మనిషి సగమయ్యాడు. నన్ను చూసి లేవబోయాడు. భార్య వచ్చి భుజం పట్టి కూర్చోబెట్టింది. ఆమె నన్ను తిడుతుందని సిద్ధపడి వెళ్ళాను. తిట్టలేదు.

"మాట పోయింది సారూ. గంజి కూడా దిగదు" అంది. "ఆ పొద్దు ఆస్పత్రి నుంచి వచ్చినాక మళ్ళా పోదామంటే ఒప్పుకోలా. సారు కుప్పం పోయినాడు, వస్తాడు, ఆయనతోనే పోతా అనె. నొప్పి ఓర్వలేనప్పుడు నా తమ్ముడు మోసుకుపోయినాడు. యాల ఇన్నాళ్ళుంటిరి అన్నారు డాక్టర్లు. ఇంక సేసేదేం లేదు, ఇంట్లో పెట్టుకోండి అన్నారు."

ఆమె కొంగుతో మంచం మీది ఈగలు తోలుతూ, ఆయనకు వినబడుతుందన్న పట్టింపు లేకుండా, గడపతో చెప్పుకున్నట్టు చెప్పింది.

"ఊరగాయ బూజు పట్టిపాయ సారూ. ముప్పై ఏండ్లుగా పెడతాండా, ఎప్పుడూ పట్టలా. నా సెయ్యే సెడిపోయింది అనుకుంటి. ఉప్పెయ్యడం మర్సినానేమో అని కూరలో ఒకనాడు రెండుసార్లు ఏస్తి. బాగుండాది అనె. ఒకనాడు ఎయ్యనే లేదు. బాగుండాది అనె. ముసలితనంలో నా మీద ఇంత ప్రేమొచ్చిందే అని లోపల్లోపల మురిసిపోతి సారూ. ఒక్క మాట సెప్పుంటే నేను ఈపు మీదేసుకోనైనా తీసుకుపోనా?"

ఆమె ఏడవలేదు. ఆమెకు చెప్పకుండా దాచింది ఆయనొక్కడే కాదు. నాకూ తెలుసు. గడపకు ఇవతల నిలబడి, ఆమె చేట చప్పుడు వింటూ, నేనూ గొంతు తగ్గించాను.

కళాయి భాయి నన్ను చూడటం లేదు. వీధిలో నిలబెట్టిన నా బండిని చూస్తున్నాడు. వేలు చూపించి రమ్మన్నట్టు ఊపాడు. తోసుకొచ్చి మంచం పక్కన నిలబెట్టాను. కణుపుతో ట్యాంకీని కొట్టాడు, చెవి ఆనించాడు. మూత తీయమని సైగ చేశాడు. తర్వాత నా సంచి వైపు చెయ్యి చాపాడు. టార్చి తీసిచ్చాను. ఒక కన్ను మూసి, లోపలికి వెలుగు కొట్టి, ఎప్పటిలాగే చాలాసేపు చూశాడు. తువ్వాలు కొస వేలికి చుట్టి లోపల తిప్పి, బయటికి తీసి, నా ముఖం ముందు పెట్టాడు. ఎర్ర మరక లేదు.

ఆ తర్వాత ఆయన పదిరోజులు కూడా లేడని ఎప్పటికో తెలిసింది. ఆ బండి మాత్రం నేను అమ్మేదాకా ఒక్కసారీ తుప్పు మాట ఎత్తలేదు.

ఆ రోజు వేలు చూపించాక ఆయన టార్చి ఆర్పలేదు. వెలుగుతున్నదాన్ని అలాగే నా చేతిలో పెట్టాడు. గడ్డం కింది గుడ్డ ముడి తనే వదులు చేసుకుని, నా వైపు తిరిగి, ఎంత తెరవగలిగితే అంత నోరు తెరిచాడు.

నేను లోపలికి చూడకుండానే టార్చి ఆర్పి సంచిలో పెట్టుకున్నాను.